ఇంగ్లీషు మాటలో బరువెక్కడ?

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి ఇంగ్లీషు మాటల ఉచ్చారణతో పనేమిటని చదువరులు అడగవచ్చు. పని వుంది. అది నిన్నా మొన్నా పుట్టిన పని కాదు, వేదకాలం నాటిది.

త్వష్ట కొడుకును ఇంద్రుడు చంపాడు. ఆ పగతో త్వష్ట, ఇంద్రుణ్ణి చంపగల మరో కొడుకు కావాలని యజ్ఞం చేశాడు. హోమంలో చెప్పిన మంత్రంలో “ఇంద్రశత్రువు” అనే మాట వుంది. మాట సరైనదే. అక్షరం ఒక్కటీ పొల్లుపోలేదు. పొల్లుపోయింది స్వరం. ఆ సమాసంలో చివరి అక్షరం మీద ఉదాత్తం వుంటే తత్పురుష: ఇంద్రుడికి శత్రువు, అనగా ఇంద్రుణ్ణి చంపేవాడు. మొదటి అక్షరం మీద వుంటే బహువ్రీహి: ఇంద్రుడే శత్రువుగా గలవాడు, అనగా ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు. ఉదాత్తం మొదటి అక్షరం మీద పడింది. వృత్రాసురుడు పుట్టనూ పుట్టాడు, ఇంద్రుడి చేతిలో చావనూ చచ్చాడు. వ్యాకరణం ఎందుకు చదవాలయ్యా అంటే పతంజలి మహాభాష్యం మొదట్లోనే ఈ సంగతి ఎత్తి చూపించాడు.

వేదంలో స్వరమంటే గొంతు హెచ్చుతగ్గులు. ఇంగ్లీషులో వున్నది వేరు. మాటలో ఒక ముక్కను తక్కినవాటికంటె గట్టిగా, కాస్త సాగదీసి, గొంతు ఎత్తి నొక్కి పలుకుతారు. భాషాశాస్త్రజ్ఞులు దీనికి “ఊనిక” అని పేరు పెట్టారు. మనం ఇంట్లో మాట్లాడుకొనేటట్టు బరువు అందాం. స్వరమూ బరువూ ఒకటి కాకపోయినా, సమాసం దగ్గరికి వచ్చేసరికి రెండూ చేసే పని ఒకటే. ఏ ముక్క ఏ ముక్కకు ఏమవుతుందో చెప్పడం.

మా కాలేజీకి ఆ మధ్య విదేశాలనుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. మాలో ఒకాయన ఉత్సాహంగా, “మా కాలేజీలో అయిదుగురు ఇంగ్లీష్ టీచర్లున్నారు” అని ఇంగ్లీషులో చెప్పాడు. వచ్చినాయన ఆశ్చర్యపోయి, “అయిదుగురా! ఇంగ్లండులో ఏ ప్రాంతంవాళ్ళు?” అన్నాడు. మావాళ్ళలో ఒకరిది తెనాలి, ఒకరిది బొబ్బిలి. సంగతేమిటంటే, “ఇంగ్లీష్ టీచర్” అన్నప్పుడు “ఇంగ్లీష్” మీద బరువు వేస్తే ఇంగ్లీషు చెప్పే పంతులు. “టీచర్” మీద వేస్తే ఇంగ్లండు దేశపు పంతులు. మొదటిది మన లెక్కన షష్ఠీ తత్పురుష, రెండవది విశేషణ పూర్వపద కర్మధారయం. మా తెలుగు శాఖలో ఈ మాట చెప్పగానే అందరూ తలలూపారు. ఇంగ్లీషు శాఖవారు కాస్త అనుమానంగా చూశారు. సమాసాల మీద హక్కు మాదేనని మాకు లోపల ఒక అతిశయం వుంది లెండి.

“బ్లాక్‌బర్డ్” అనే మాట చూడండి. “బ్లాక్” మీద బరువు వేస్తే అది ఒక జాతి పిట్ట పేరు. ఆ జాతిలో ఆడపిట్ట గోధుమరంగులో వుంటుంది. అయినా అది బ్లాక్‌బర్డే. “బ్లాక్ బర్డ్” అని రెండు మాటలుగా విడదీసి “బర్డ్” మీద వేశామా, ఏ నల్ల పిట్టయినా కావచ్చు, కాకి అయినా సరే. అట్లాగే “గ్రీన్‌హౌస్”లో మొదటి ముక్క మీద బరువు వుంటే మొక్కలు పెంచే అద్దాల గది. రెండవ ముక్క మీద వుంటే పచ్చరంగు వేసిన ఇల్లు. “వైట్ హౌస్” అని “వైట్”ను నొక్కితే అమెరికా అధ్యక్షుడి భవనం, “హౌస్”ను నొక్కితే మీరూ నేనూ మొన్న పండక్కి సున్నం కొట్టించుకొన్న కొంప. “గ్లాస్ కేస్”లో “గ్లాస్” మీద బరువుంటే అద్దాలు పెట్టుకొనే పెట్టె, “కేస్” మీద వుంటే అద్దంతో చేసిన పెట్టె. “టాయ్ షాప్” కూడా ఇంతే. మొదటి ముక్క మీదయితే బొమ్మలమ్మే దుకాణం. రెండవదాని మీదయితే పిల్లలు ఆడుకొనే బొమ్మదుకాణం. కొండపల్లి బజారులో మొదటిదుంటుంది, రెండవది ఆ దుకాణంలో అమ్మకానికుంటుంది.

ఇదంతా ఇంగ్లీషువాళ్ళ పెంకితనమని అనుకోకండి. మన భాషలో ఈ తేడా మనం చూపించడం లేదా? చూపిస్తాం, సాధనం వేరు. “పెద్దమ్మ” అంటే అమ్మకు అక్క. “పెద్ద అమ్మ” అని విడదీస్తే ఆ అర్థం పోతుంది. “తల్లి తండ్రి” అంటే మాతామహుడు. అదే “తల్లిదండ్రులు” అంటే అమ్మా నాన్నా. తకారం దకారమైతే తాత నాన్న అయిపోయాడు! చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణంలో గసడదవాదేశమని సూత్రీకరించింది ఈ కిటుకునే. అక్కడ సంధి చేసే చాకిరీని ఇక్కడ బరువు చేస్తున్నది. అందుకే మన పిల్లలకు చెప్పేటప్పుడు “స్ట్రెస్” అని భయపెట్టకుండా, “అమ్మాయీ, ఇంగ్లీషువాడు సంధిని నోటితో నొక్కి చేస్తాడు” అంటే చప్పున పట్టుకొంటారు. ఇది నేను తరగతిలో చూసిన సంగతి.

మరి మన చెవికి ఆ బరువు ఎందుకు ఆనదు? తెలుగులో బరువు మారినంతమాత్రాన అర్థం మారదు గనుక. మనకు అర్థాన్ని మార్చేది అక్షరం పొడుగు, జడ్డ. “పడు” వేరు, “పాడు” వేరు. “గద” వేరు, “గద్ద” వేరు. గురువు, లఘువు అని చిన్నప్పటినుంచీ లెక్కపెట్టిన చెవి మనది. పరాయి మాట వినబడగానే దానిలో గురువెక్కడుందా అని వెతికి దానిమీద వాలుతాం. “డెవలప్‌మెంట్” అనే మాటలో ఇంగ్లీషువాడు “వె” మీద బరువు వేస్తాడు. మనం “లప్” మీద వేస్తాం. హల్లు కలిసింది గనుక అది మన లెక్కలో గురువు. “హోటల్”లో వాళ్ళు చివరి ముక్కను నొక్కుతారు, మనం “హో” దీర్ఘాన్ని పట్టుకొని లాగుతాం. తప్పు చెవిది కాదు, ఛందస్సుది.

రెండు మాటలు కలిసిన పేర్లలో బరువు మొదటిదాని మీదేనని ఒక సూత్రం చెప్పేసి చేతులు దులుపుకోవచ్చునా? చాలావరకు అవును. “ఫలానాదాని కోసం” అని విగ్రహవాక్యం చెప్పుకోగలిగిన చోటల్లా మొదటిదే: పోస్టాఫీస్, బస్ స్టాప్, టీకప్, డైనింగ్ టేబుల్, వాషింగ్ మెషీన్. “ఫలానాదానితో చేసినది” అనుకొన్నచోట సాధారణంగా రెండవది: గోల్డ్ రింగ్, సిల్క్ షర్ట్. ఇంతవరకు మన తత్పురుషలే.

ఆ తర్వాత మొదలవుతుంది తంటా. వీధి పేర్లలో “స్ట్రీట్” వస్తే బరువు మొదటి మాటకు పోతుంది. షెర్లాక్ హోమ్స్ కాపురమున్న “బేకర్ స్ట్రీట్”లో “బేకర్”ను నొక్కాలి. బ్రిటిషు ప్రధానమంత్రి వుండే “డౌనింగ్ స్ట్రీట్”లో “డౌనింగ్”ను నొక్కాలి. “స్ట్రీట్” కాక “రోడ్” వచ్చిందో, బరువు దానికే. “ఏబీ రోడ్”లో “రోడ్”, “పార్క్ లేన్”లో “లేన్”, న్యూయార్కు “ఫిఫ్త్ అవెన్యూ”లో “అవెన్యూ”. వీధి ఏం పుణ్యం చేసుకొంది, రోడ్డు ఏం పాపం చేసింది అని అడిగితే సమాధానం చెప్పేవాడు లేడు. ఇంకా చిత్రం, ఆపిల్ పండుతో కేకు చేస్తే “ఆపిల్” మీద బరువు. అదే పండుతో “పై” చేస్తే “పై” మీద. క్రిస్మస్ చెట్టుకూ, కార్డుకూ, కేకుకూ “క్రిస్మస్” మీద బరువైతే, క్రిస్మస్ డే, క్రిస్మస్ ఈవ్, క్రిస్మస్ పుడింగ్ అన్నప్పుడు రెండవ మాట మీద. “ఐస్‌క్రీమ్” దగ్గర ఇంగ్లండువారికీ అమెరికావారికీ పొత్తు కుదరదు. ఇంగ్లండులో చాలామంది “క్రీమ్”ను నొక్కితే అమెరికావారు “ఐస్”ను నొక్కుతారు. “వీకెండ్” సంగతీ అంతే. ఇటువంటివి వింటూ నేర్చుకోవలసిందే తప్ప బట్టీపట్టి ప్రయోజనం లేదు.

ఇహ అసలైన చిక్కు క్రియలది. “గివ్” అంటే ఇవ్వడం; “గివ్ అప్” అంటే వదులుకోవడం. “పుట్” అంటే పెట్టడం. “పుట్ ఆఫ్” అంటే వాయిదా వెయ్యడం. డాక్టర్ జాన్సన్ 1755లో తన మహానిఘంటువు పీఠికలో, పరదేశులకు ఇంగ్లీషులో ఇంతకు మించిన కష్టం లేదన్న ధోరణిలో ఈ జంటలను ప్రత్యేకం ప్రస్తావించాడు. “ఫ్రేజల్ వెర్బ్” అనే పేరు మాత్రం చాలా తర్వాతది. 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ తన పుస్తకంలో వాడి ప్రచారంలోకి తెచ్చాడు. సంస్కృతం వచ్చినవారికి ఇదేమీ వింత కాదు. ఒక్క ధాతువుకు ముందు ఉపసర్గ మారిస్తే ఆహారం, విహారం, సంహారం, పరిహారం అయినట్టు, ఇంగ్లీషువాడు ఉపసర్గను క్రియకు వెనకాల తగిలించాడు, అంతే. వేదభాషలో ప్రధాన వాక్యంలో ఉపసర్గ క్రియకు దూరంగా వుండి తాను ఉదాత్తం పుచ్చుకొంటుంది, క్రియ స్వరం లేకుండా పడివుంటుంది. ఇంగ్లీషులోనూ ఈ జంటలో బరువు ఆ తోక ముక్కదే. “గివ్ అప్”లో “అప్”, “సిట్ డౌన్”లో “డౌన్”, “టేక్ ఆఫ్”లో “ఆఫ్”. “లుక్ ఎట్”, “వెయిట్ ఫర్” వంటివాటిలో తోక ఉత్త విభక్తి ప్రత్యయం వంటిది. దానికి బరువు లేదు, క్రియకే వుంటుంది. తోక అర్థాన్ని మారుస్తున్నదా, ఊరికే అంటిపెట్టుకొని వున్నదా అని చూసుకొంటే చాలావరకు తెలిసిపోతుంది.

ఇందులో ఇంకొక మెలిక వుంది. “దీపం ఆర్పు” అని పూర్తిగా చెబితే, “టర్న్ ఆఫ్ ద లైట్”, బరువు చివరనున్న “లైట్”కు పోతుంది. “దాన్ని ఆర్పు” అంటే “టర్న్ ఇట్ ఆఫ్”. బరువు “ఆఫ్” మీద. “టర్న్ ఆఫ్ ఇట్” అనకూడదని పంతుళ్ళు ఎర్రసిరాతో కొట్టివేస్తారే గాని ఎందుకో చెప్పరు. బరువు పడే చోట “ఇట్” వంటి పీలమాట నిలవలేదు గనుక అది నడిమికి జరిగిందని చెవితో వింటే కొంతవరకు బోధపడుతుంది.

మన క్రియల్లో ఇటువంటిది లేదనుకొంటున్నారేమో. “లక్ష్మి లేచి పోయింది” అంటే కూర్చున్నది లేచి వెళ్ళిందని. “లక్ష్మి లేచిపోయింది” అంటే వీధి వీధంతా గుమిగూడుతుంది. అక్షరాలు అవే. నడుమనున్న చిన్న విరామం చెరిగిపోతే సంసారం చెడిపోయింది. ఇంగ్లీషు బరువు అనవసరమైన షోకని వాదించేవారు ఈ రెండు వాక్యాలనూ ఒకే రకంగా పలికి, లక్ష్మి తండ్రి ముందు నిలబడి చూడవలసింది.

ఈ క్రియాజంటలు నామవాచకాలైనప్పుడు బరువు ముందుకు దూకుతుంది. బస్సు “బ్రోక్ డౌన్” అన్నప్పుడు “డౌన్” మీద. జరిగినదాన్ని “బ్రేక్‌డౌన్” అన్నప్పుడు “బ్రేక్” మీద. విమానం “టేక్స్ ఆఫ్” అన్నప్పుడు “ఆఫ్” మీద. “టేకాఫ్” అయితే “టేక్” మీద. ఆపిల్ కేకులా సతాయించకుండా ఈ సూత్రం దాదాపు అన్నిచోట్లా నిలుస్తుంది. దారినపోయేవాడనే అర్థంలో “పాసర్‌బై” ఒకటి ఎదురు తిరుగుతుంది. అందులో బరువు “బై” దగ్గరే వుండిపోయింది. అక్కడ నామవాచకమైంది మొదటి ముక్క, అదీ కారణం. “రికార్డ్”, “రెబెల్” వంటి మాటలు నామవాచకమైతే మొదట, క్రియ అయితే చివర నొక్కబడటం ఇదే కుటుంబపు పోలిక. 1570లో పీటర్ లెవిన్స్ బరువు గుర్తులతో అచ్చువేసిన పదకోశంలో ఇటువంటి జతలు మూడే కనిపించాయని లెక్క తీశారు. ఈనాడు అవి వంద దాటాయి.

గమనించారో లేదో, ఇంగ్లీషునుంచి మనం తెచ్చుకొన్నవన్నీ ఆ నామవాచకాలే. శాసనసభలో ప్రతిపక్షంవారు వాకౌట్ చేస్తారు. మిల్లుకు లాకౌట్ ప్రకటిస్తారు. పెళ్ళికూతురికి మేకప్, తాతగారికి చెకప్. శ్రీహరికోటలో కౌంట్‌డౌన్ మొదలవుతుంది. 2020లో లాక్‌డౌన్ అనే మాట పల్లెటూరి ముసలమ్మకు సైతం కంఠస్థమయింది. వీటికి చివర “చేయు”, “అవు” తగిలించి మనం హాయిగా సంసారం చేసుకొంటున్నాం, అందులో తప్పేమీ లేదు. చిక్కెక్కడంటే, తిరిగి ఇంగ్లీషులో చెప్పవలసివచ్చినప్పుడు పిల్లవాడు “బస్ బ్రేక్‌డౌన్డ్” అని రాస్తాడు. వాడికి తెలిసినది ఒక్క మాట. అది లోపల రెండు మాటలనీ, బరువు జరిపితే విడివడుతుందనీ వాడికి ఎవరూ చెప్పలేదు.

చెప్పకపోతే ఏం కొంప మునిగిందీ అనే ప్రశ్న వుండనే వుంది. నా దగ్గర చదువుకొన్న అమ్మాయి ఒకతె నర్సు చదువు పూర్తిచేసి, ఇంగ్లీషు పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొని ఇంగ్లండులో ఒక ఆస్పత్రిలో చేరింది. రెండు నెలలకు ఫోను చేసింది.

“మాష్టారూ, నా ఇంగ్లీషు వీళ్ళకు అర్థం కావడంలేదండీ. నాకు మాటలు చాలవేమో.”

“నీకు మాటలు చాలకపోవడమేమిటమ్మా? ఏం జరిగింది?”

రాత్రి డ్యూటీలో ఒక ముసలాయనకు రక్తపోటు పడిపోతుంటే డాక్టరుకు ఫోను చేసిందట. “బ్లడ్ ప్రెషర్” అని ఆమె అన్నది, అవతల ఆయన “ఏమిటీ?” అన్నాడు. మళ్ళీ అన్నది. మళ్ళీ అదే ప్రశ్న. గట్టిగా, నెమ్మదిగా, అక్షరం అక్షరం విడదీసి చెప్పింది. అప్పుడు మరీ అర్థం కాలేదు. చివరికి అంకెలు చదివితే గ్రహించి పరుగెత్తుకొచ్చాడు. ముసలాయన గట్టెక్కాడు. కాని అమ్మాయి గుండె జారిపోయింది. పగలు సిబ్బంది మారేటప్పుడు రోగుల సంగతులు అప్పగించే “హ్యాండోవర్” దగ్గర నోరు మెదపడానికి భయపడుతున్నదట. ఇంట్లోవాళ్ళు చేసిన అప్పు అలాగే వుంది. ఉద్యోగం వదిలి వచ్చేస్తానంది.

అర్థం కానప్పుడు మనం చేసే పని గొంతు పెంచడం. గొంతు పెంచి ప్రతి అక్షరానికీ సమానంగా బరువు పంచితే, ఇంగ్లీషువాడి చెవికి ఏ ముక్క పట్టుకోవాలో తెలియదు. వాడు మాటను గుర్తుపట్టేది బరువును బట్టి. నొక్కిన ముక్క స్పష్టంగా, నొక్కని ముక్కలోని అచ్చు నలిగి పీలగా వినబడాలి. “బ్లడ్”ను నొక్కి, “ప్రెషర్”ను తేలికగా వదిలెయ్యమన్నాను. “హ్యాండోవర్”లో “హ్యాండ్”. “చెకప్”లో “చెక్”. ఆ తర్వాత మా ఇంగ్లీషు శాఖ పెద్దాయనను బతిమాలి వారానికి రెండు రాత్రులు ఫోనులో కూర్చోబెట్టాను. ఆయన నాకంటె ఓర్పుగలవాడు. నాలుగు నెలలయ్యాక ఆమె “వార్డులో అప్పగింతలు నేనే చెబుతున్నానండీ” అన్నది. యాస ఏమీ మారలేదు. గుంటూరు గుంటూరులాగే వుంది. మారింది బరువు ఒక్కటే.

ఇది మన ఇంటి ముంగిట ఎన్నడో తేలిన విషయం. 1958లో హైదరాబాదులో ఇంగ్లీషు బోధనకోసం కేంద్ర సంస్థను స్థాపించారు. ఇప్పుడు దాన్ని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం అంటున్నారు. ఆ సంస్థ 1969లో ఆర్.కె. బన్సల్ గారి పరిశోధనను అచ్చువేసింది. భారతీయుల ఇంగ్లీషు ఇతర దేశాలవారికి ఎంతవరకు అర్థమవుతున్నదో, ఎక్కడ కావడంలేదో పరీక్షించి చూసిన గ్రంథమది. మాటలో బరువు తప్పడం ముఖ్యకారణాలలో ఒకటని అందులో చెప్పారు. అర్ధశతాబ్ది గడిచినా మన బడుల్లో స్పెల్లింగు తప్పితే బెంచీ ఎక్కిస్తారు. బరువు తప్పితే పంతులుకే తెలియదు. లక్షలు పోసి కాన్వెంటులో చేర్పించిన తల్లిదండ్రులయినా ఈ ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు.

ఖర్చులేని ఉపాయం ఇంట్లోనే వుంది. డేనియల్ జోన్స్ 1917లో ఇంగ్లీషు ఉచ్చారణ నిఘంటువు వేసినప్పటినుంచీ మంచి నిఘంటువుల్లో ఈ బరువుకు గుర్తు వుంటూ వస్తున్నది. ఈనాడు నిఘంటువులో మాట పక్కన ఉచ్చారణ చూపించేచోట, పైన చిన్న నిలువు గీత ఒకటి కనబడుతుంది. ఆ గీత వెంటనే వచ్చే ముక్కను నొక్కాలి. గీత కింద వుంటే కొంచెమే నొక్కాలి. మా విద్యార్థులు చాలామంది ఆ గీతను అచ్చుతప్పు అనుకొంటారు. ఇంటికి తెచ్చిన నిఘంటువును పిల్లలతో ఒకసారి తెరిపించి, ఆ గీత ఎక్కడుందో వెతికించండి.

అంతకన్నా సులువైనది క్రికెట్టు. ఆట చూసేటప్పుడు ఇంగ్లీషు వ్యాఖ్యానం పెట్టుకొని చెవి ఒగ్గండి. ఆటగాడు “రన్ ఔట్” అయ్యాడని క్రియగా చెప్పినప్పుడు బరువు “ఔట్” మీద పడుతుంది. కాసేపయ్యాక, ఈ ఇన్నింగ్సులో ఇది రెండవ “రనౌట్” అన్నప్పుడు అదే గొంతులో బరువు “రన్” మీదికి వచ్చేస్తుంది. “ఫాలో ఆన్” ఆడమన్నప్పుడూ అంతే. మా ఇంట్లో మా అమ్మగారికి ఇంగ్లీషు రాదు. పక్కన కూర్చుని వత్తులు చేసుకొంటూ, “ఈసారి ముందు నొక్కాడురా” అని ఆవిడే ముందుగా పట్టేస్తున్నది.